ఫారం నింపని పిల్లల లెక్క

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

సెమిస్టర్ చివర వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పెడతాం. "ఆన్‌లైన్ క్లాసులు మీకు సంతృప్తిగా ఉన్నాయా?" అని అడిగి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేయమంటాం. సగటు 4 వస్తే ఫైల్లో పెట్టేస్తాం. ఆ 4 ఎవరు వేశారో చూడం.

ముందు డేటా సంగతి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో గంటకు 450 ఎంబీ లాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న అమ్మాయికి గంట క్లాసులు మూడు అయ్యేసరికి 1350 ఎంబీ పోయింది. నాలుగో క్లాసు ఇరవయ్యో నిమిషంలో బొమ్మ ఆగిపోతుంది. అదే 64 కిలోబిట్ల ఆడియో అయితే గంటకు 29 ఎంబీ చాలు. స్లైడ్లు ముందురోజు రాత్రే పీడీఎఫ్‌గా పంపి, క్లాసు ఆడియోలో నడిపితే ఉదయగిరి వైపు పల్లెల్లో ఉన్న పిల్లలు కూడా బెల్లు దాకా ఉండగలుగుతారు. కెమెరా ఆన్ చేయాల్సిందే అన్నామా, అప్‌లోడ్ కూడా తోడై ప్యాక్ ఇంకా ముందే ఖాళీ. హాజరుకు లాగిన్ రికార్డు ఉండగా ఈ ముఖాల పట్టుదల మనకెందుకో!

ఇక ఫారం. 120 మందికి పంపితే 70 మంది నింపారనుకోండి. సిగ్నల్ లేక క్లాసుకు రానివాళ్లు ఎక్కువగా ఆ మిగిలిన 50 మందిలోనే ఉంటారు. లాగిన్ రికార్డు తీసి, మధ్యలో జారిపోయిన ఓ పదిమందికి ఫోన్ చేయండి. ఫారంలో రోల్ నంబరు మాత్రం అడగొద్దు. ఇంటర్నల్ మార్కుల భయంతో అందరూ 4 కొట్టేస్తారు.

"మాట, బొమ్మ స్పష్టంగా ఉన్నాయా?" అని రెండూ ఒకే ప్రశ్నలో కలిపితే ఏది బాగోలేదో తేలదు. సగటును కూడా నమ్మలేం: సగం మంది 1, సగం మంది 5 వేసినా సగటు 3 వస్తుంది, అందరూ 3 వేసినా అంతే. ఏ అంకె ఎంతమంది వేశారో విడిగా రాయండి. "గత వారం ఎన్ని క్లాసులు మధ్యలో తెగిపోయాయి? సందేహం అడిగితే ఎన్ని రోజులకు జవాబొచ్చింది?" అని అడిగితే పనికొచ్చే సమాధానం దొరుకుతుంది.

2021 నిబంధనలతో యూజీసీ, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు చేసుకోనిస్తోంది. అందులో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటర్లో రాసే పరీక్షకు 75 శాతం మార్కులు. అసైన్‌మెంట్లు స్నేహితుల సాయంతో గడిచిపోతాయి, పరీక్ష దగ్గరే తేడా కొడుతుంది. అందుకే పన్నెండు వారాల కోర్సుకు నాలుగో వారంలో ఒకసారి, పరీక్ష అయ్యాక మరోసారి అడగండి. నాలుగో వారం జవాబులతో ఏం మార్చారో అయిదో వారం మొదటి క్లాసులోనే పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే రెండో ఫారం ఎవరూ తెరవరు.