9 సెట్ తీసి 10 వేశాను, గిటార్ మొత్తం కదిలింది

ముందు ఇది చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. బాడీ మీద స్ట్రింగ్స్ కొసలు పట్టుకునే ఈ బ్రిడ్జ్ వెనక అంచుకీ బాడీకీ మధ్య ఈ సందు కనిపిస్తోందా? నిన్న సాయంత్రం దాకా ఇది 3 మిల్లీమీటర్లే. ఇప్పుడు 5 దాటింది. నేను ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు. స్ట్రింగ్స్ మార్చానంతే.

ఇది స్ట్రాటోకాస్టర్ మోడల్, స్కేల్, అంటే స్ట్రింగ్ మోగే పొడవు, 25.5 అంగుళాలు. ఇన్నాళ్లూ దీని మీద 9-42 సెట్ ఉండేది, అంటే అన్నిటికన్నా సన్నటి స్ట్రింగ్ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు, లావుపాటిది 42. రిథమ్ వాయించేటప్పుడు లావుపాటి కింది స్ట్రింగ్స్ వదులుగా కొట్టుకుంటున్నాయని ఈసారి 10-46 తెచ్చాను. అన్నిటికన్నా సన్నటి స్ట్రింగ్ చూస్తే మందం పెరిగింది అంగుళంలో వెయ్యో వంతు. అదేం లెక్క అనిపిస్తుంది కదా? కానీ స్టాండర్డ్ ట్యూనింగ్‌లో ఆరు స్ట్రింగ్స్ టెన్షన్ కలిపి చూడండి. 9 సెట్ అయితే సుమారు 38 కిలోలు, 10 సెట్ అయితే 46, 47 కిలోలు. ఎప్పుడూ మోసే బరువు మీద ఒక చిన్న బియ్యం మూట ఎక్కించినట్టే.

ఆ మూట ఎవరు మోయాలి? గిటార్ తిప్పుతున్నాను, వెనక మూత తీశాను. ఇదిగో, మూడు స్ప్రింగ్స్. ముందు నుంచి స్ట్రింగ్స్ లాగుతుంటే, వెనక నుంచి ఇవి లాగుతాయి. తక్కెడ అనుకోండి. ఒక పళ్లెంలో బరువు పెంచాను, రెండో పళ్లెం అలాగే వదిలేశాను. బ్రిడ్జ్ ముందుకు ఒరిగి లేచింది. దాంతో పాటే స్ట్రింగ్స్ ఫ్రెట్‌బోర్డ్‌కి దూరమయ్యాయి. నెక్ కూడా ముందుకు వంగింది, యాక్షన్, అంటే ఫ్రెట్స్ పైన స్ట్రింగ్స్ ఎత్తు, ఇంకాస్త పెరిగింది.

ట్యూనింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. లావుపాటి E స్ట్రింగ్ నుంచి మొదలుపెట్టి సన్నటి E దాకా వచ్చేసరికి లావుపాటి E మళ్లీ దిగిపోయి ఉంటుంది. నాలుగు చుట్లు తిరిగాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అన్నట్టు తయారైంది నా పని.

నిజం చెప్పాలంటే, అప్పుడు రెండు నిమిషాలు వాయించి ఈ స్ట్రింగ్స్ మనవల్ల కాదని తీసేయబోయాను. వేళ్లు నొప్పి, స్ట్రింగ్‌ని పక్కకి లాగి స్వరం పెంచే బెండ్ సగంలో ఆగిపోతోంది. కానీ ఆ నొప్పిలో స్ట్రింగ్ మందం వాటా ఎంత, లేచిపోయిన యాక్షన్ వాటా ఎంత? సెటప్ చేయకుండా అది తేలదు. 10 చాలా గట్టి అని కొట్టిపారేసేవాళ్లలో చాలామంది వాయించింది ఇలాంటి గిటారే అని నా అనుమానం.

సరే, సరిచేద్దాం. వెనక స్ప్రింగ్స్ పట్టుకున్న ప్లేట్‌కి రెండు స్క్రూలు ఉన్నాయి. అర చుట్టు బిగించాను, మళ్లీ ట్యూన్ చేశాను, సందు కొలిచాను. మళ్లీ అర చుట్టు. ఓపిక కావాలి, ఎందుకంటే ట్యూన్ చేయకుండా కొలిస్తే ఆ కొలతకి అర్థం లేదు. సందు 3.2 మిల్లీమీటర్లకి వచ్చాక ఆగాను. ఇలాంటి ట్రెమొలోకి, అంటే స్ప్రింగ్స్ మీద కదిలే బ్రిడ్జ్‌కి, స్ట్రాటోకాస్టర్ కంపెనీ ఫెండర్ చెప్పే కొలత అదే.

తర్వాత నెక్. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (స్ట్రింగ్స్ నొక్కిపెట్టే క్లిప్), నెక్ బాడీలో కలిసే చోట స్ట్రింగ్ మీద వేలు. ఇప్పుడు ఎనిమిదో ఫ్రెట్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య సందు పావు మిల్లీమీటర్ ఉంటే చాలు. నాది దాదాపు రెట్టింపు ఉంది. నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్, పావు చుట్టు బిగించాను, సరిపోయింది. గట్టిగా ఉంటే బలం పెట్టి తిప్పకండి, రిపేర్ తెలిసినవాళ్లకి ఇచ్చేయండి. ఆ తర్వాతే శాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో స్ట్రింగ్ ఆనే ముక్కలు) ఎత్తు: 17వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు పెట్టాను.

ఇంటొనేషన్, అంటే ఫ్రెట్స్ మీద స్వరం సరిగ్గా పలకడం, చివర్న. పన్నెండో ఫ్రెట్ పైన స్ట్రింగ్‌ని నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కి వచ్చే నోట్, రెండూ ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి జరపాలి. నాకు మూడు శాడిల్స్ కొద్దిగా జరపాల్సి వచ్చింది.

ఇంకోటి, ట్యూనింగ్ కీ తిప్పుతుంటే టింగ్ అని చప్పుడు వచ్చింది, విన్నారా? నెక్ పై కొసన స్ట్రింగ్స్ ఆనే పట్టీ నట్, అందులో 42కి కోసిన గాడిలో 46 ఇరుక్కుంటోంది. పెన్సిల్ ముల్లు రాస్తే ప్రస్తుతానికి జారుతోంది.

లెస్ పాల్ లాంటి కదలని బ్రిడ్జ్ ఉన్నవాళ్లకి స్ప్రింగ్స్ గొడవ లేదు. పైగా 24.75 అంగుళాల స్కేల్‌లో ఇదే సెట్ టెన్షన్ 6 శాతం దాకా తగ్గుతుంది. పాత సైజే మళ్లీ వేస్తే ఎవరికైనా మామూలుగా ఏమీ మార్చక్కర్లేదు. ట్రెమొలో ఉంటే మాత్రం ఒక్కొక్కటిగా మార్చండి, అన్నీ ఒకేసారి తీసేయకండి.

ఇప్పుడు వినండి... కింది స్ట్రింగ్స్ బిగువుగా ఉన్నాయి, పవర్ కార్డ్ కొడితే నోట్ వణకడం లేదు. నాకు కావలసింది ఇదే. బెండ్స్ మాత్రం సెటప్ తర్వాత కూడా 9 అంత తేలిక కాదు. గమకాలు ఎక్కువ వాయించేవాళ్లకి నేనైతే 9 ఉంచుకోమంటాను. మన పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండలిన్‌కి జంట తీగలు తీసేసి విడి తీగలు పెట్టుకున్నారు. గమకం పలకాలంటే తీగ వేలికి లొంగాలి మరి.

నేను మధ్యే మార్గం పట్టాను: 10 సెట్, అర మెట్టు కిందికి ట్యూనింగ్. టెన్షన్ 11 శాతం తగ్గి 41, 42 కిలోలకి వస్తుంది, వేళ్లకి హాయిగా ఉంది. కాకపోతే ఇదిగో, బ్రిడ్జ్ ఇప్పుడు వెనక్కి కూర్చుంది. అందుకే వెనక మూత ఇంకా బిగించలేదు.