చెమట వాసనకి అమ్మ ఇచ్చిన పటిక ముక్క

హాయ్ అండి అందరికీ! మేం డాలస్ నుంచి వైజాగ్ వచ్చి పది రోజులైంది. ఎం.వి.పి. కాలనీలో అమ్మ వాళ్ళింట్లో ఉన్నాం. డాలస్‌లోనూ ఎండలు మండిపోతాయి కానీ, అక్కడ ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకే కదా. ఇక్కడ సముద్రపు గాలికి తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఒంటినే అంటుకుని ఉంటుంది.

ఇవాళ మా అమ్మాయి విషయం చెప్తాను. తనని అడిగే చెప్తున్నానండి. దానికి 12 ఏళ్ళు. వచ్చిన రెండో రోజే ఆర్కే బీచ్‌కి రానని మంచం దిగలేదు. ఎందుకే అని బతిమాలితే, తన దగ్గర వాసన వస్తోందని ఏడ్చేసింది. అప్పటికే నాలుగుసార్లు డియోడరెంట్ కొట్టుకుంది. చెమట మీదే కొట్టడంతో రెండు వాసనలూ కలిసిపోయాయి, చంకల్లో ఎర్రగా దద్దుర్లు కూడా వచ్చాయి. నాకు ప్రాణం ఉసూరుమంది.

అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటమ్మా, దీనికేనా ఏడుపు? ఈ వయసులో అందరికీ వస్తాది" అంది. నిజమే. చంకల్లో ఉండే ఒక రకం చెమట గ్రంథులు ఈడొచ్చే వయసులోనే పనిచేయడం మొదలుపెడతాయి. వాటి చెమటకి అసలు వాసన ఉండదనే చెప్పాలి. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు వస్తుంది ఆ వాసన. అంటే మన గొడవ చెమటతో కాదు. పిల్లకి ఇది అర్థమయ్యాక సగం టెన్షన్ పోయింది.

దద్దుర్లు తగ్గేదాకా అమ్మ ఏదీ రాయనివ్వలేదు. రెండు పూటలా స్నానం, వదులుగా కాటన్ గౌను, అంతే. తర్వాత పూర్ణా మార్కెట్‌లో పూజ సామాను కొట్టు నుంచి పటిక తెప్పించింది. దిష్టికి గుమ్మానికి కడతామే, అదే. చూడ్డానికి పటిక బెల్లంలాగే ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

ఇదిగో చూడండి, గాజు ముక్కలా ఉంది కదా. స్నానం చేశాక దీన్ని నీళ్ళలో ముంచి, చంకలో మెల్లగా నాలుగుసార్లు రుద్దాలి. ముందు జారుతుంది, ఆరేకొద్దీ చర్మం కాస్త బిగుసుకున్నట్టుంటుంది. పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకోవాలి. ఇది చెమటని ఆపేయదు, బ్యాక్టీరియాని పెరగనివ్వదు. షేవింగ్ చేసిన వెంటనే రాస్తే మాత్రం భగ్గున మండుతుంది. ఇంకో మాట, అల్యూమినియం వద్దనుకునేవాళ్ళు పటికలోనూ అది ఉంటుందని తెలుసుకుని వాడండి.

నిమ్మకాయ రుద్దమని చాలామంది చెప్తారు. దయచేసి వద్దు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది, మచ్చలు పడతాయి. వంటసోడా కూడా మా పిల్లలాంటి సున్నితమైన చర్మానికి పడదు.

బట్టల సంగతి నేనే ఆలస్యంగా గమనించాను. దాని పాలిస్టర్ టీషర్టులు ఉతికి ఆరేసినా, వేసుకున్న పది నిమిషాలకే వాసన వచ్చేవి. కాటన్‌లోకి మార్చాక ఆ బాధ లేదు. ఉతికినవి డాబా మీద మంచి ఎండలో ఆరేస్తున్నాం.

ఇన్ని చేసినా తగ్గకపోయినా, ఒంటి వాసన ఉన్నట్టుండి మారినా డాక్టర్‌కి చూపించండి.

నిన్న సాయంత్రం తనే బీచ్‌కి వెళ్దామంది. మురీ మిక్చర్ తింటూ చీకటి పడేదాకా అలల్లోనే ఉంది. డాలస్‌కి తీసుకెళ్ళడానికి రెండో పటిక ముక్క కావాలట. స్కూల్ బ్యాగ్‌లోకి!