వంగేది ఏ మాట?

అందరికీ నమస్కారం.

పోయిన నెల మా వీధిలో అమ్మాయి ఒకతె ఇంటర్వ్యూకి పోయి ఏడుపు మొహంతో తిరిగొచ్చింది. బాగా చదివే పిల్ల. ఒక పేపరు తప్పినా చదువు వదల్లేదని చెప్పబోయి, ‘ఐ డిడ్ నాట్ గేవ్ అప్’ అందట. ఎదురుగా కూర్చున్నాయన నవ్వాడు. ఆ తర్వాత పిల్లకు నోరు పెగల్లేదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎందుకంటే ఆ తప్పు వెనకున్న సూత్రాన్ని ఆ అమ్మాయి తెలుగులో రోజూ పాటిస్తూనే ఉంది.

చూడండి. ‘వచ్చాను’ అంటాం. కాదని చెప్పాలంటే ‘వచ్చానులేదు’ అంటామా? ‘రాలేదు’ అంటాం. ‘లేదు’ చేరగానే క్రియ తన కాలాన్ని వదిలేస్తుంది. ఇంగ్లీషులో ‘డిడ్’ వచ్చినా అంతే. కాలాన్ని డిడ్ మోస్తోంది కాబట్టి గేవ్ మళ్ళీ గివ్ అయిపోవాలి. ‘డిడ్ నాట్ గేవ్’ అంటే ‘వచ్చానులేదు’ అన్నట్టే.

గివ్ అప్, పుట్ ఆఫ్ లాంటి జంటలను ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ఆ పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత వాడుకలోకి తెచ్చాడు. పేరు సంగతి అలా ఉంచండి, జంటలు మనకూ ఉన్నాయి. పడిపోయాడు, పడిపోతాడు: ‘పడి’ కదలదు, కాలమంతా రెండోదాని మీదే. ఇంగ్లీషులో మొదటిది వంగుతుంది, అంటే కాలాన్ని బట్టి రూపు మారుతుంది; రెండోది కదలదు. గివ్ అప్, గేవ్ అప్, గివెన్ అప్. దర్శనం టికెట్ల కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకునేవాళ్ళకు ‘లాగిన్’ బాగా తెలుసు. పేరుగా అది ఒకే మాట. పనిగా చెప్పేటప్పుడు లాగ్, ఇన్ రెండు మాటలు. అందుకే ‘లాగ్డ్ ఇన్’ అనాలి, ‘లాగిన్‌డ్’ అనకూడదు.

‘యూజ్డ్ టు’ దగ్గర కాస్త ఆగుదాం. ‘చిన్నప్పుడు అలిపిరి నుంచి నడిచేవాణ్ణి’ అంటే ‘ఐ యూజ్డ్ టు వాక్’. ‘నాకు నడవడం అలవాటే’ అంటే ‘ఐ యామ్ యూజ్డ్ టు వాకింగ్’. మనసులో తెలుగు వాక్యం అనుకోండి. ‘నడిచేవాణ్ణి’ వచ్చిందా, వాక్. ‘నడవడం’ వచ్చిందా, వాకింగ్. పలికేటప్పుడు ‘యూస్టు’ అని వినబడుతుంది, అందుకే రాసేటప్పుడు చివరి ‘డి’ని చాలామంది మింగేస్తారు. ఒక్క డిడ్ వచ్చినప్పుడు మాత్రం ఆ ‘డి’ నిజంగానే పోవాలి, మళ్ళీ ఆ ‘రాలేదు’ లెక్కే.

చిత్తూరు యాసలో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి. ‘పోతా ఉండాను’, ‘పోతా ఉంటిని’. ‘పోతా’ మారలేదు, పక్కదే మారింది. యామ్ గోయింగ్, వాజ్ గోయింగ్! కోస్తావాళ్ళు ‘వెళ్తున్నాను’ అని కలిపేసినదాన్ని మన యాస విడివిడిగానే ఉంచుకుంది. ‘బస్టాండులో మా అన్న కోసం ఎతుకుతా ఉంటిని’ అని మా అమ్మ అన్న మాటను అలాగే దించితే ‘ఐ వాజ్ లుకింగ్ ఫర్ మై బ్రదర్’ అవుతుంది. ఉంటిని ఉన్నచోట వాజ్ కూర్చుంది. కంటిన్యువస్ టెన్స్ చెప్పడానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు దొరకలేదు.

సరే, చివరి బెంచీ వాళ్ళు చెప్పండి. ‘పారిపోయాడు’ అంటే ‘రాన్ అవే’. మరి ‘పారిపోలేదు’ అంటే?