‘టక్’మన్నది ఎముకేనా? కైరోప్రాక్టిక్‌పై స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఫోన్ తెరిస్తే ఒక వీడియో ఎదురవుతుంది. ఎవరినో బల్ల మీద పడుకోబెట్టి మెడ ఒక్కసారి తిప్పుతారు, టక్‌మంటుంది, ఆయన కళ్లు మూసుకుని ‘అబ్బా’ అంటాడు. మనకు చూస్తూనే సగం నొప్పి తగ్గినట్టు ఉంటుంది. ఇలా వెన్ను, మెడ కీళ్లను చేత్తో సర్దే కైరోప్రాక్టిక్ గురించి మాట్లాడటానికి ఒక ఆర్థోపెడిక్ సర్జన్, ఒక కైరోప్రాక్టర్, ఒక ఫిజియోథెరపిస్ట్ వచ్చారు. నడుము నొప్పికి ఈ చికిత్స చేయించుకుంటున్న ఒక టీచర్ కూడా మనతో ఉన్నారు. మేడమ్, ముందు మీరే చెప్పండి. ఆ శబ్దం ఏమిటి? జరిగిన ఎముక మళ్లీ చోటికి వచ్చి కూర్చుందనా?

కైరోప్రాక్టర్: కాదండీ. ఆ శబ్దం కోసమే వచ్చేవాళ్లున్నారు. రాకపోతే డబ్బులు దండగ అన్నట్టు చూస్తారు. (నవ్వు) మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే. కీలులో జిగురుగా ఒక ద్రవం ఉంటుంది. కీలును చటుక్కున లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగలా విడిపోతుంది. 2015లో కెనడా పరిశోధకులు ఎంఆర్ఐ యంత్రంలో ఒకరి వేళ్లు లాగుతూ ఆ క్షణాన్ని చిత్రాల్లో పట్టుకున్నారు. బుడగ పుట్టినప్పుడు మోగుతుందా, కూలినప్పుడా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎముక ఎక్కడికో పోయి తిరిగొచ్చిందని మాత్రం దానికి అర్థం కాదు.

ఫిజియోథెరపిస్ట్: మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందనే భయం కూడా ఉంది కదా. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టర్ 60 ఏళ్లకు పైగా ఒక్క ఎడమ చేతి మెటికలే విరుచుకుని, కుడి చేతితో పోల్చి చూసుకున్నాడు. తేడా ఏమీ లేదు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, అదే, నవ్వించి ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి.

టీచర్: మరి నాకు చెప్పింది వేరేనండీ. నడుము పట్టేసి వెళ్తే ఎక్స్‌రే చూసి, ‘పూస జరిగింది, సర్దకపోతే మంచం పడతారు’ అన్నారు. 24 సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకున్నారు. 15 అయ్యాయి. చేయించుకున్న రోజు హాయిగానే ఉంటుంది. నాలుగు రోజులకు మళ్లీ మామూలే.

సర్జన్: ఈ ‘పూస జరిగింది’ అన్న మాటతోనే నాకు గొడవ. నిజంగా వెన్నుపూస చోటు తప్పితే అది చేత్తో నెట్టే వ్యవహారం కాదు. ఇంకోటి వినండి. ఏ నొప్పీ లేని 3 వేల మందికి పైగా స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులున్నాయి. 80 ఏళ్ల వాళ్లలో 96 శాతం. జుట్టు నెరిసినట్టే ఇదీ. నడుము నొప్పి ఉన్న మనిషికి స్కాన్ తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది, కానీ నొప్పికి కారణం అదే అని చెప్పలేం.

కైరోప్రాక్టర్: ఒప్పుకుంటాను. కానీ సార్, స్కాన్ చూపించి భయపెట్టేది మా వాళ్లొక్కరేనా?

సర్జన్: (నవ్వుతూ) కాదు, కాదు. మా వాళ్లూ ఉన్నారు. కానీ మీ వైద్యం పుట్టుకలోనే చిక్కుంది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన అయస్కాంత వైద్యం చేసేవాడు. చెవుడున్న ఒక మనిషి వెన్ను సర్దితే వినికిడి వచ్చిందన్నాడు. ఆ తర్వాత దాదాపు జబ్బులన్నిటికీ మూలం జరిగిన పూసలే అన్నాడు. ఇప్పటికీ ఆస్తమా, పసిపిల్లల ఏడుపు కూడా వెన్ను సర్దితే తగ్గుతాయనేవాళ్లు ఉన్నారు.

కైరోప్రాక్టర్: వాటికి సరైన ఆధారం లేదు, నేను చేయను. చరిత్ర తవ్వితే అందరిదీ తవ్వాలి సార్. మమ్మల్ని బహిష్కరించడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చట్టవిరుద్ధంగా కుట్ర చేసిందని 1987లో అక్కడి ఫెడరల్ కోర్టే తీర్పిచ్చింది.

యాంకర్: చరిత్ర పక్కన పెడదాం. నడుము నొప్పికి పనిచేస్తుందా, లేదా?

ఫిజియోథెరపిస్ట్: పనిచేస్తుంది, కొంచెం. తప్పించుకోవడానికి అంటున్న మాట కాదిది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కొత్తగా పట్టేసిన నడుముకు మాత్రల కంటే ముందు కాపడం, మసాజ్, వెన్నును ఇలా చేతులతో సర్దడం లాంటివి ప్రయత్నించమంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం ఉండే నడుము నొప్పికి కూడా షరతులతో దీన్ని జాబితాలో చేర్చింది. బ్రిటన్‌లో 2016 నుంచి వ్యాయామంతో కలిపి అయితేనే చేయమంటున్నారు. నాకు నచ్చిన మాట అదే. బల్ల దిగాక కాసేపు నొప్పి తగ్గుతుంది కదా, ఆ కాసేపే బంగారం. అప్పుడు నడవాలి, వంగాలి, బరువులు కొద్దికొద్దిగా ఎత్తడం మొదలుపెట్టాలి. ఇంటికెళ్లి పడుకుంటే నాలుగు రోజులకు మళ్లీ అదే బల్ల ఎక్కాల్సి వస్తుంది.

టీచర్: నన్ను పడుకోమనే చెప్పారు!

ఫిజియోథెరపిస్ట్: అదే వద్దంటున్నాను. కొత్తగా పట్టేసిన నడుము చాలావరకు కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మనం మరీ నొప్పిగా ఉన్న రోజునే పరుగెత్తుతాం. తర్వాత తగ్గితే చివరగా ఎవరి దగ్గరికి వెళ్లామో ఆ పేరు వాళ్లకే దక్కుతుంది. నాకూ అలా చాలా మంచిపేరు వచ్చింది. (నవ్వులు)

యాంకర్: దెబ్బలు తగిలిన వాళ్ల సంగతి? బండి మీద నుంచి పడ్డవాళ్లు, మెట్ల మీద జారినవాళ్లు?

సర్జన్: ముందు డాక్టరు చూడాలి. విరిగిన ఎముకను సర్దబోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు, ఏళ్లతరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పరీక్షలు కావాలి. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడుతున్నా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

యాంకర్: మెడ?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సర్జన్: మెడపూసల పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు ఉంటాయి. వాటి లోపలి పొర చీలితే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. మెడను చటుక్కున తిప్పించుకున్న తర్వాత అలా జరిగిన సందర్భాలు వైద్యపత్రికల్లో ఉన్నాయి. అరుదే. కానీ వచ్చింది పక్షవాతం.

కైరోప్రాక్టర్: ఇందులో ఒక మెలిక ఉంది. ధమని ముందే చీలడం మొదలైతే మెడనొప్పి, తలనొప్పి వస్తాయి. ఆ నొప్పితోనే మా దగ్గరికి వస్తారు. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ పక్షవాతంతో ఎలాంటి సంబంధం కనిపించిందో, మామూలు డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లలోనూ అలాంటిదే కనిపించింది. కాబట్టి తిప్పడం వల్లే అని తేల్చలేం.

సర్జన్: సరే, తిప్పడం వల్ల కాదనే అనుకుందాం. అప్పటికే చీలుతున్న ధమనిని మీరు తిప్పుతారా?

కైరోప్రాక్టర్: తిప్పను. అందుకే ముందు అడుగుతాను. ఎప్పుడూ లేనంత తలనొప్పి అకస్మాత్తుగా వచ్చిందా, కళ్లు తిరుగుతున్నాయా, మాట తడబడుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని. ఒక్కదానికి అవునన్నా చెయ్యి వేయను, ఆసుపత్రికి పంపిస్తాను. నిజం చెప్పాలంటే మెడకు ఈ మధ్య తిప్పడం బాగా తగ్గించేశాను. మెల్లగా కదిలించే పద్ధతులు ఉన్నాయి. టక్‌మని శబ్దం రాదు, వీడియోకు పనికిరాదు, అంతే.

యాంకర్: టీచర్ గారూ, మిమ్మల్ని మెడ గురించి ఇవన్నీ అడిగారా?

టీచర్: లేదండీ. నడుము కోసం వెళ్తే, ప్యాకేజీలో ఉంది కదా అని మెడ కూడా తిప్పేవారు.

కైరోప్రాక్టర్: (తల అడ్డంగా ఊపుతూ) ప్యాకేజీలో ఉందని మెడ తిప్పడమేంటండీ. నడుముకు కూడా ఐదారు సార్లకే మార్పు తెలియాలి. తెలియకపోతే ఆపేసి వేరే దారి చూడాలి. 24కు ముందే డబ్బు తీసుకోవడం వైద్యం కాదు.

యాంకర్: మరి మిగిలిన ఆ 9 సిట్టింగులు ఏం చేస్తారు?

టీచర్: రేపు వెళ్లి డబ్బు వెనక్కి అడుగుతానండీ. ఇవ్వనంటే నడుము వరకే చేయించుకుని, వచ్చేటప్పుడు నడిచి వస్తాను. మెడ మాత్రం ముట్టుకోనివ్వను.