ఎపిసోడ్ 31: చుట్టాలొస్తే తిరుపతిలో ఏం తినిపిస్తాం?

మరిది: ఎర్ర లైటు వచ్చింది, రికార్డవుతోంది. అందరికీ నమస్కారం. దర్శనానికని చుట్టాలు దిగుతారు కదా, రెండు రోజులుంటారు, వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఏం తినిపించాలి, ఇదీ ఈ వారం సంగతి. మన ప్రోగ్రాం వినే నెల్లూరన్న అయితే ఇదే అడుగుతూ మూడుసార్లు మెసేజ్ పెట్టాడు.

వదిన: ఆయన చివరికి చేపల పులుసే అడుగుతాడు చూడు.

మరిది: అడగనీలే. నువ్వు మొదలుపెట్టు వదినా.

వదిన: కొండ మీద ఉన్న పూట హోటళ్ళు వెతకొద్దండీ. నేరుగా తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదానికి వెళ్ళి కూర్చోండి. ఇది 1985 ఏప్రిల్ 6న, రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడున్న పెద్ద భవనం 2011లో వచ్చింది. నేనెందుకు ఇంత గట్టిగా చెప్తానంటే, వెంగమాంబది మా వైపు ఊరు, వాయల్పాడు దగ్గర తరిగొండ. ఆమె పేరు మీద అన్ని వేలమంది రోజూ అన్నం తింటుంటే నాకు ప్రతిసారీ కడుపు నిండినట్టు ఉంటుంది, నేను తినకపోయినా సరే.

మరిది: 2025లో వడ కూడా మొదలుపెట్టారు కదా. ఎర్రగడ్డ లేదు, తెల్లగడ్డ లేదు, అయినా బాగుంది. అదే పిండి రోట్లో రుబ్బితే...

వదిన: వచ్చేసింది నీ రోలు మాట! ఇంకా ఐదు నిమిషాలు కూడా కాలేదు.

మరిది: మాటవరసకు అన్నాను.

వదిన: ఇంట్లోకి రాకుండా మెట్ల దగ్గరే ఆగిపోయిన మన రోలు సంగతి ముందు తేల్చు, తర్వాత అన్నప్రసాదానికి సలహాలిద్దువు. సరే, కిందికి వచ్చాక పొద్దున టిఫిన్‌కి రైల్వే స్టేషన్ దగ్గర భీమాస్. మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, మా నాన్న కొండ దిగితే అక్కడ కాఫీ తాగకుండా బస్సెక్కేవాడు కాదు. మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు. అంతే, అయిపోయింది.

మరిది: అంతే అంటే ఎట్లా? సంగటి ఎక్కడ?

వదిన: అదే కదా బాధ. పోయిన నెల మా పిన్ని వాళ్ళొస్తే ఊరి బయట ఒక హోటల్‌కి తీసుకెళ్ళాము, పేరు వద్దు. ముద్ద తెచ్చి పెట్టారు, పైన నెయ్యి, పక్కన గిన్నెలో పులుసు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వేలు పెడితే పైన కాలుతోంది, లోపల చల్లగా గట్టిగా ఉంది. పొద్దున ఎప్పుడో చేసి పెట్టుకుని మళ్ళీ వేడి చేసి ఇచ్చారు. మా పిన్నిది పలమనేరు, సంగటి తిని పెరిగిన మనిషి. ఏమీ అనలేదు, పులుసు మాత్రం తాగి ముద్ద పక్కన పెట్టేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మరిది: సంగటి చేసిన అరగంటలో తినాలి. ఒక గ్లాసు నూకలకు రెండు గ్లాసుల రాగి పిండి, ఆరేడు గ్లాసుల నీళ్ళు. నూకలు మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో ఒక బొక్క పెట్టి, మూత పెట్టి సన్న సెగన వదిలేయాలి. అప్పుడే కెలికితే ఉండలు కడుతుంది, లోపల పచ్చి వాసన ఉండిపోతుంది. ఆవిరి పిండి పైదాకా వచ్చాకే దించి, కుండ కాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో కెలకాలి. దాంట్లోకి ఊరిబిండి, అదే చెనిగ్గింజల పచ్చడి, ఉండాలి, అదీ రోట్లో...

వదిన: రెండు.

మరిది: లెక్క పెడుతున్నావా? సరే పెట్టు. మిక్సీలో వేస్తే చెనిగ్గింజ నూనె వదిలి ముద్దయిపోతుంది. రోట్లో అయితే పలుకు పలుకుగా ఉండి పంటికి తగులుతుంది. ఇది నేను పట్టుదలకు చెప్పడం లేదు, నిజంగా రుచిలో తేడా ఉంది.

వదిన: తేడా ఉందని నేనూ ఒప్పుకుంటాను, రోజూ ఎవరు నూరాలి అన్నదే నా ప్రశ్న. అది వదిలేయ్. ఈ నెలలో చుట్టాలొస్తే సంగటి కన్నా ముందు పెట్టాల్సింది పితికిపప్పు కూర, అదే నానిన అనపగింజల తొక్క పితికి తీసిన పప్పుతో చేసేది. అది ఏ హోటల్లోనూ మన ఇంటి రుచితో దొరకదు.

మరిది: ఇప్పుడు సరైన మాట అన్నావు. మంచు పడితేనే అనపకాయకు ఆ నూనె వాసన పట్టుద్ది. సంచిలో తెస్తే బస్సంతా వాసనొస్తుంది. ఇంకో పది రోజులుంటాయేమో కాయలు. కానీ ఒకటి వదినా, పప్పు ఇంట్లోనే పితకాలి. ఇప్పుడు పితికిన పప్పు మార్కెట్లో గ్లాసుల లెక్కన అమ్ముతున్నారు, అది తెచ్చి వండితే అది పితికిపప్పు కూర కాదు.

వదిన: ఎందుకు కాదు?

మరిది: ఎప్పుడు పితికారో, ఎన్ని నీళ్ళలో ఉంచారో తెలీదు. ఆ తియ్యదనం నీళ్ళలో పోతుంది.

వదిన: భోగి రోజు తిన్నావు కదా, ఎట్లా ఉంది?

మరిది: భోగి రోజుదా? అమృతం. మూడుసార్లు వేయించుకున్నాను.

వదిన: అది కొన్న పప్పు.

మరిది: లేదు.

వదిన: అవును. చిత్తూరు మార్కెట్లో తెచ్చింది. పొద్దున్నే మంచులో ఒకామె తడిగుడ్డ కప్పిన గంపతో కూర్చుంది, నా ముందే పితికింది. నాలుగు గ్లాసులు తెచ్చాను.

మరిది: మరి నాకు చెప్పలేదేం?

వదిన: చెప్తే తినేవాడివా? ఇంట్లోనే పితకాలి అంటున్నావు కదా, ఈ పదేళ్ళలో నువ్వు ఎన్ని గింజలు పితికావో చెప్పు.

మరిది: చిన్నప్పుడు అందరం పితికేవాళ్ళం. రాత్రి అన్నాలయ్యాక చాట చుట్టూ కూర్చునేవాళ్ళం, అవ్వ, అత్త, అమ్మ, పక్కింటోళ్ళు. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కొసన నొక్కితే పప్పు సర్రున జారి గోడకు తగిలేది, తొక్క వేలికి గోరులాగా అతుక్కుని ఉండేది. మా అన్నకీ నాకూ ఎవరిది దూరం పోతుందా అని పందెం.

వదిన: గోడకు కొట్టింది లెక్కలోకి రాదు నాయనా. రెండు కిలోల కాయలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పితికితే ఆరుగురికి ఒక్క పూట కూర. ఒక్కదాన్నే కూర్చుంటే రెండు గంటలపైనే పడుతుంది, వేళ్ళ కొసలు నాని ముడతలు పడి, జిగురుగా అయిపోతాయి. హోటలోళ్ళు ఎందుకు చేయరనుకున్నావు? ఆ రెండు గంటలకు ఎంత రేటు రాస్తారు బిల్లులో? అవ్వ కాలంలో ఎనిమిది చేతులుండేవి చాట చుట్టూ, ఇప్పుడు రెండే.

మరిది: అమ్మ ఉంది కదా.

వదిన: కొనుక్కురమ్మని చెప్పిందే అత్తమ్మ.

మరిది: అమ్మా?

వదిన: ఆమె వేళ్ళు చూశావా ఈమధ్య? కణుపులు వాచిపోయాయి, గింజ నొక్కితే నొప్పి. పోయిన ఏడాది పితికి రెండు రోజులు చెయ్యి మడవలేకపోయింది. వాడికి చెప్పొద్దు, పండగపూట బాధపడతాడు అంది.

మరిది: ...

వదిన: ఇప్పుడు నేను చెప్పేశాను. ఎట్లాగూ ఆమె ఇది వింటుంది.

మరిది: లేదు, చెప్పడమే మంచిది. నేను చూడలేదు వదినా. నిజంగా చూడలేదు. ఆ రోజు ఆమె వడ్డిస్తుంటే గరిటె రెండు చేతులతో పట్టుకుంది, కూర వేడిగా ఉందేమో అనుకున్నాను.

వదిన: సరే. ఇప్పుడు కూర ఎట్లా వండాలో చెప్పు, వినేవాళ్ళు అడుగుతారు.

మరిది: ధనియాలు, చెక్క, లవంగాలు, గసగసాలు వేయించి, కొబ్బరి, అల్లం, తెల్లగడ్డ చేర్చి నూరాలి. ఎర్రగడ్డలు, టమోటా మగ్గాక ఆ మసాలా వేసి నూనె తేలేదాకా వేయించి, పప్పు, వంకాయ, ఉర్లగడ్డ వేసి నీళ్ళు పోయాలి. కుక్కర్ వద్దు, పప్పు చితికిపోతుంది. గిన్నెలో ఉడికించి, మునివేళ్ళతో నొక్కితే నలగాలి, కానీ ఆకారం పోకూడదు. దోసెలోకీ, సంగటిలోకీ బాగుంటుంది.

వదిన: రోలు అనలేదే?

మరిది: నూరాలి అన్నాను.

వదిన: మూడు కింద రాసుకుంటా. సరిహద్దు దాటి కోలారు, బెంగళూరు వైపు పోతే ఇదే హితకిద బేళె. అక్కడ ఏటా జనవరిలో అవరెకాయలకు మేళా పెడతారు. మనకెందుకు లేదని నాకు ఎప్పుడూ కడుపుమంట.

మరిది: పెడితే నేను రోజూ పోతాను. చుట్టాల సంగతి ఇంకా మిగిలింది, నెల్లూరన్నకి ఏం చెప్దాం? రాత్రి తిండి అసలు మాట్లాడలేదు.

వదిన: రాత్రికి ఇంటికి రమ్మను. అత్తమ్మ మజ్జిగన్నం పెడుతుంది.

మరిది: వదినా, ఈ పొద్దు వాసన వస్తోంది వంటింట్లోంచి. గింజలు నానబెట్టారా?

వదిన: నిన్న సాయంత్రమే. ఉన్న కాయలు ఎండిపోతాయని మీ అన్న తెచ్చాడు. సింకు పక్కన గిన్నెలో ఉన్నాయి, పొద్దున్నే తీయాల్సింది, ఈ రికార్డింగ్ హడావుడిలో మర్చిపోయాను. ఎక్కువసేపుంటే మొలకొచ్చేస్తాయి.

మరిది: ఆగు, చూసొస్తా... వదినా! నాలుగైదు మొలకెత్తాయి.

వదిన: అయ్యో, మిగతావి బాగున్నాయా? నీళ్ళు వంపేయ్, వంపేసి చాటలో పోసుకుని ఇట్లా తీసుకురా. చెయ్యి కడుక్కో ముందు.

మరిది: మైకు?

వదిన: దాన్ని ఆపేయ్, కింద కూర్చోవాలి.