ట్రక్కు ఆగినప్పుడే చిక్కు: అమెరికా సుదూర రవాణాలో పెంపుడు జంతువులు (చర్చా కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో వారాల తరబడి ఇంటికి దూరంగా తిరిగే ట్రక్కు డ్రైవర్లలో చాలామంది కుక్కనో పిల్లినో వెంట తీసుకువెళ్తారు. ఈ ఏర్పాటు జంతువుకు ఎంతవరకు క్షేమం, ఉద్యోగ నిబంధనలతో ఎంతవరకు పొసగుతుంది అన్నది ఈనాటి చర్చ. టెక్సాస్ నుంచి సుదూర మార్గాల్లో ట్రక్కు నడిపే తెలుగు డ్రైవరు, ఒక పశువైద్యురాలు, రవాణా రంగంలో భద్రతా వ్యవహారాలు చూసే అధికారి మనతో ఉన్నారు. డ్రైవర్ గారూ, కుక్కను వెంట తీసుకువెళ్లాలని మీకు ఎందుకు అనిపించింది?

డ్రైవర్: విజయవాడ ఆటోనగర్‌లో లారీ పని నేర్చుకున్న రోజుల్లో పక్కన ఎప్పుడూ క్లీనరు ఉండేవాడు. ఇక్కడ బండిలో నేనొక్కడినే. తోడు కోసమే తెచ్చుకున్న మాట నిజమే కానీ, నాకు దక్కిన అసలు లాభం నడక. కుక్క కిందికి దింపమని గోల చేయకపోతే డీజిల్ పోయించుకుని, కాఫీ తెచ్చుకుని మళ్లీ సీటులోనే కూలబడేవాడిని.

వ్యాఖ్యాత: దీనికి చట్టం అడ్డు చెప్పదా?

భద్రతాధికారి: మనిషిని ఎక్కించుకోవాలంటే ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం సంస్థ రాతపూర్వకంగా అనుమతించాలి. ఆ నిబంధన మనుషుల గురించినది కనుక పెంపుడు జంతువుల విషయం చాలావరకు సంస్థ విధానానికే వదిలేసినట్టు. కొన్ని సంస్థలు అసలే ఒప్పుకోవు. కొన్ని డిపాజిట్ కట్టించుకుని, బరువుకూ జాతికీ పరిమితులు పెట్టి అనుమతిస్తాయి. అయితే వైకల్యం ఉన్నవారికి తోడ్పడేలా శిక్షణ పొందిన సేవా కుక్కల సంగతి వేరు. సేవా కుక్క ఉన్న ఒక మాజీ సైనికుడికి ఉద్యోగ అవకాశం నిరాకరించిందన్న ఆరోపణతో 2017లో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ ఒక పెద్ద ట్రక్కింగ్ సంస్థపై దావా వేసింది. కాబట్టి మా విధానం ఇంతే అని సంస్థ అన్నిసార్లూ తప్పించుకోలేదు.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, కదిలే బండిలో రోజంతా ఉండటం కుక్కకు ఇబ్బంది కాదా?

పశువైద్యురాలు: కదలిక సంగతి చాలా కుక్కలు కొద్ది రోజుల్లోనే సర్దుకుంటాయండీ. నా ఆందోళనంతా బండి ఆగి, ఇంజను కట్టేసి, డ్రైవరు దిగిపోయిన సమయం గురించే. 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఎండలో నిలిపిన కారులో కొలతలు తీస్తే, బయట 72 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 22 సెల్సియస్) మాత్రమే ఉన్న రోజున కూడా గంటలో లోపలి వేడి 117 డిగ్రీలకు (సుమారు 47 సెల్సియస్) చేరింది. పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే జరిగింది, అద్దాలు కాస్త దించినా పెద్దగా ప్రయోజనం కనిపించలేదు. ట్రక్కు క్యాబిన్ కారుకంటే పెద్దదే అయినా అంత వెడల్పైన ముందు అద్దం ఉన్నప్పుడు దానిమీద భరోసా పెట్టుకోకూడదు. బుల్‌డాగ్, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులను ఈ జీవితానికి తేవద్దనే నేను చెబుతాను, ఎందుకంటే అవి వగర్చి ఒంటి వేడిని తగ్గించుకోవడంలోనే వెనుకబడి ఉంటాయి.

వ్యాఖ్యాత: ఏసీ ఆపకుండా ఇంజను నడుపుతూనే ఉంచవచ్చు కదా?

డ్రైవర్: అక్కడే చిక్కు. కాలిఫోర్నియాలో నిలిపిన డీజిల్ ట్రక్కు ఇంజను ఐదు నిమిషాలకు మించి ఊరికే నడపకూడదు. తక్కువ పొగ వదిలే ఇంజనుగా ధ్రువీకరణ ఉన్న బండికి మినహాయింపు ఉన్నా, ఇళ్లకు, బడులకు దగ్గరగా నిలిపితే అది చెల్లదు. అందుకే ఏపీయూ, అంటే ప్రధాన ఇంజను ఆపినా క్యాబిన్‌ను చల్లగా ఉంచే విడి యంత్రం లేని బండిలో నేను కుక్కను ఎక్కించను. సరుకు దించే చోట గంటల తరబడి కూర్చోబెడతారు. కొన్ని గోదాముల్లో బండి తాళాలు కూడా వాళ్ల చేతికే ఇవ్వాలి, ఇక ఇంజను నడిపే మాటే ఉండదు.

భద్రతాధికారి: అంతేకాదు, ఆహార కర్మాగారాల్లో, చమురు శుద్ధి కేంద్రాల్లో చాలాచోట్ల జంతువును గేటు దాటనివ్వరు. కుక్క ఉన్న సంగతి సంస్థలో లోడ్లు అప్పగించే డిస్పాచర్‌కు లోడు కేటాయించకముందే తెలిసి ఉండాలి. గేటు దగ్గర బయటపడితే ఇటు లోడూ పోతుంది, అటు కుక్కను వదిలే చోటూ దొరకదు.

వ్యాఖ్యాత: నడిపించడానికి సమయం ఎలా దొరుకుతుంది?

డ్రైవర్: పద్నాలుగు గంటల పని వ్యవధిలో పదకొండు గంటలు మాత్రమే నడపాలి, మొత్తం ఎనిమిది గంటలు నడిపాక అరగంట విరామం తప్పనిసరి. ఆ అరగంట చాలావరకు కుక్కదే. కానీ అది ఎనిమిది గంటలు ఆగదు కదా, మధ్యలో ఆపే ప్రతి పది నిమిషాలూ పద్నాలుగు గంటల లెక్కలోంచే పోతాయి. మంచుకు దారులు మూసుకుపోయిన రోజున ఆ నిమిషాలు బాగా గుర్తొస్తాయి. ఈ విషయంలో పిల్లి ఉన్నవాళ్లు అదృష్టవంతులు, ఇసుక పెట్టెతో పని జరిగిపోతుంది.

పశువైద్యురాలు: పిల్లి తలుపు సందులోంచి ఒక్కసారి దూకిందంటే, తెలియని ట్రక్ స్టాప్‌లో దాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కాలర్ ఊడిపోతుంది గనుక చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్ వేయించాలి. ఇక నడిచే బండిలో కుక్కైనా పిల్లైనా బెల్టుతోనో పెట్టెలోనో కట్టుదిట్టంగా ఉండాలి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం నేను ఎంతమాత్రం సమర్థించను.

డ్రైవర్: మైక్రోచిప్ కెనడా లోడ్లకు కూడా కావాలి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి తిరిగి వచ్చే ప్రతి కుక్కకు కనీసం ఆరు నెలల వయసుండాలి, చిప్ ఉండాలి, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి ముందే నింపిన పత్రం రసీదు చూపించాలి. కెనడాలోకి వెళ్లేటప్పుడు రేబిస్ టీకా ధ్రువపత్రం అడుగుతారు. కుక్కపిల్లను కొనుక్కుని ఆ వారమే సరిహద్దు లోడు పట్టుకుంటే తిరుగుదారిలో ఆగిపోవాల్సిందే.

వ్యాఖ్యాత: మన దేశంలో 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యస్థ, భారీ సరుకు వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. ఇక మన లారీల్లోనూ ఇలా జంతువును వెంట తీసుకువెళ్లడం సాధ్యమేనా?

డ్రైవర్: ఇంజను ఆపితే ఆ ఏసీ కూడా ఆగిపోతుంది కదండీ. క్లీనరు ఉన్న బండిలోనైతే ఒకరు దిగినా ఒకరు కుక్కతో ఉండవచ్చు, ఆ సౌకర్యం నాకిక్కడ లేదు.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. డ్రైవరుకే ప్రమాదం జరిగితే?

భద్రతాధికారి: డ్రైవరును అంబులెన్సులో తీసుకువెళ్తారు, బండిని టో చేసి యార్డుకు తరలిస్తారు. స్లీపరు మంచం కింద భయంతో నక్కిన కుక్క సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు. అందువల్ల తలుపు అద్దం మీద జంతువు ఉందని తెలిపే స్టిక్కరు, డ్రైవరు జేబులో దాన్ని ఎవరికి అప్పగించాలో రాసిన కార్డు, సంస్థ ఫైలులో ఆ మనిషి ఫోన్ నంబరు ఉండాలి. డిపాజిట్ తీసుకునే రోజునే ఈ మూడూ సరిచూడమని నేను సంస్థలకు చెబుతుంటాను. డిపాజిట్ మాత్రం అందరూ తీసుకుంటున్నారు.