తుంటి అతికించాం, ఎముకకు మందు రాశామా?

పెద్దలందరికీ నమస్కారం.

మోకాళ్ల నొప్పుల మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. నొప్పి పెట్టే జబ్బుకి మీరు ఎలాగూ డాక్టర్ దగ్గరికి వెళ్తారు. అందుకే ఈ రోజు నొప్పి లేకుండా వచ్చే జబ్బు గురించి చెప్తాను. ఎముకలు గుల్లబారడం, అదే ఆస్టియోపోరోసిస్.

బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగిందని పెద్దావిడను తీసుకొస్తారు. ఆపరేషన్ చేస్తాం, నడిపిస్తాం, ఇంటికి పంపిస్తాం. ఇంట్లోవాళ్లు తడి నేలను తిట్టుకుంటారు. కానీ నిలబడిన చోట పడితే గట్టి ఎముక మామూలుగా విరగదండీ. విరిగిందంటే అది ముందే గుల్లబారి ఉంది. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచేది డెక్సా స్కాన్, ఆరోగ్యమైన వయసువాళ్ల ఎముకతో పోల్చి అది ఇచ్చే అంకె టీ-స్కోరు. ఇలా విరిగినప్పుడు ఆ స్కోరు మైనస్ 2.5 దాకా దిగిందా లేదా అని చూస్తూ కూర్చోనక్కర్లేదు, జబ్బు ఉన్నట్టే. అయినా చాలామంది డిశ్చార్జ్ కాగితంలో నొప్పి మాత్ర, క్యాల్షియం తప్ప ఇంకేమీ ఉండవు. నాకు బాధ కలిగించేది ఇదే. ఒకసారి విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ముప్పు దాదాపు రెట్టింపు, అదీ మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. తుంటి విరిగిన పెద్దవాళ్లలో అటూ ఇటుగా అయిదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతున్నారు.

వెన్నుపూసలైతే చాలాసార్లు చప్పుడు లేకుండానే నలిగిపోతాయి. అమ్మ పొట్టి అయిపోయింది, నడుం వంగింది, వయసు కదా అని వదిలేస్తాం. వయసులో ఉన్నప్పటికంటే ఒకటిన్నర అంగుళం తగ్గితే వెన్ను ఎక్స్‌రే తీయించండి.

ముప్పై ఏళ్లకల్లా ఎముక బలం గరిష్ఠానికి చేరుతుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగాక ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోయి, మొదటి కొన్నేళ్లు ఎముక గబగబా కరుగుతుంది. మన దగ్గర ఇంకో సమస్య ఉంది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. ముప్పైల్లోనే చేయించుకున్నవాళ్లు పల్లెల్లో ఎంతోమంది. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఆ వయసులోనే ఈస్ట్రోజెన్ ఆగిపోతుంది, అరవై రాకముందే ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆస్తమాకో కీళ్లవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు కూడా చెప్పాలి. మగవాళ్లకు ఇది రాదనుకోకండి.

రాగులు మంచివే. వంద గ్రాముల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. కానీ పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి దాకా కావాలి, కాబట్టి పాలు, పెరుగు కూడా ఉండాలి. ఇక ఎండ విషయం. పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే విటమిన్ డి పెద్దగా రాదు. మన ప్రాంతంలో పదకొండు నుంచి రెండు మధ్య ఎండే దానికి పనికొస్తుంది. వడగాలుల రోజుల్లో మాత్రం ఆ సాహసం వద్దు, డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోండి.

ఎముక విరిగినవాళ్లకు క్యాల్షియం ఒక్కటే చాలదు. వారానికి ఒక మాత్ర ఉంది. పరగడుపున, గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే మందూ ఉంది. ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ కూడా ఉంది, అది మొదలుపెట్టినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు. ఆపితే వెన్నుపూసలు వరసగా విరగొచ్చు.

ఎవరినైనా తుంటి ఆపరేషన్ అయ్యాక ఇంటికి తీసుకెళ్తుంటే, "ఎముక బలానికి ఏం మందు రాశారు?" అని డాక్టర్‌ని అడగండి. రాయకపోతే రాయించుకోండి. రిపోర్టులు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.